ప్రభుత్వం మెళ్ళో సూత్రాలు

నేను పంపిన చోడిపిండి మూట వెనక్కి వచ్చింది. టీచరమ్మగారు లేరన్న సంగతి నాకు అలా తెలిసింది.

మా ఆయన లారీ నడుపుతారు. డుంబ్రిగుడ సంతలో కొన్న పసుపు, చింతపండు కొండ కిందికి దింపి సాలూరు, పార్వతీపురం షావుకార్లకు చేరవేస్తారు. ఈ వేసవిలో ఒకసారి పార్వతీపురం వెళుతుంటే, అక్కడ చెల్లెలి ఇంట్లో వైద్యం చేయించుకుంటున్న టీచరమ్మగారికి ఇమ్మని కొంచెం పిండి విసిరి మూట కట్టి ఇచ్చాను. ఆవిడకు చోడి అంబలి, అదే రాగి అంబలి, అంటే ప్రాణం. ఆయన తిరిగొచ్చి ఆ మూట పొయ్యి పక్కన పెట్టారు.

"ఏటండీ, ఇల్లు దొరకలేదా?" అన్నాను.

"దొరికింది. పెదకర్మం కూడా అయిపోనాదట." తువ్వాలు దులుపుతూ, "మనకి కబురెట్టాలనే అనుకున్నారట. ఎలగెట్టాలో తెలవలేదట" అన్నారు.

ఆ తర్వాత లారీ కడగడానికి వెళ్ళిపోయారు. ఆయనకు అంతకంటే మాటలు రావు. నేను వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. ఎవరికైనా చెప్పాలనిపించింది. పక్కింటి సోంబారి వసారాలో కూర్చుని కొండచీపుర్లు కడుతోంది. ఆమె ఇక్కడి కొండమనిషే. నాకంటే చాలా పెద్దది, అప్ప అని పిలుస్తాను. వెళ్ళి చెప్పాను.

కడుతున్న చీపురు అలాగే పట్టుకుని, "పోనాదా" అంది. చీపురు కింద పెట్టింది. తర్వాత, "మరైతే బడి కోసం ఎవులు మాటాడతారు?" అంది.

ఆ మాట అప్పుడు నాకు కష్టంగా తోచింది. ఇంటికొచ్చి కూర్చున్నాక తెలిసింది, నేనూ లోపల అదే అడుగుతున్నానని.

మా ఊరికీ పెద్ద బడికీ మధ్య గెడ్డ, అంటే కొండవాగు, ఉంది. గెడ్డకు ఇవతల, మా వైపు, రేకుల కప్పుతో చిన్న బడి ఒకటి నడుస్తోంది. అది టీచరమ్మగారి చలవ. పిల్లలు తక్కువగా ఉన్నారని, దాన్ని మూసి అవతలి బడిలో కలిపేస్తారని ఆవిడ ఊళ్ళో ఉండగానే మాట వచ్చింది. బడులు తెరిచేలోగా ఆఫీసరు వచ్చి చూస్తాడని చెప్పారు. ఆవిడ ఉంటే ఆవిడే మాట్లాడేవారు.

మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. చూసినవాళ్ళకు రాసి చెప్పనక్కర్లేదు, అందుకే మీకు చెబుతున్నాను.

పెళ్ళయి నేను కొండ మీదికి వచ్చినప్పుడు ముసురు రోజులు. మాది సాలూరు దగ్గర పల్లె. అక్కడ ఇంటికీ ఇంటికీ మధ్య ఒక్క గోడే, ఒకరి కూర వాసన ఇంకొకరికి తెలిసిపోతుంది. ఇక్కడ మంచు దిగితే ఎదురిల్లు కనపడదు. ఆయన లారీ మీద వెళితే మళ్ళీ ఎప్పుడొస్తారో ఆయనకే తెలీదు. చుట్టుపక్కల ఆడవాళ్ళు నాతో తెలుగులోనే మాట్లాడేవారు కాని, రెండు మాటలయ్యాక మళ్ళీ తమ మాటలోకి వెళ్ళిపోయేవారు. వాళ్ళు నవ్వుకుంటుంటే నేనూ నవ్వుమొహం పెట్టుకుని నిలబడేదాన్ని. అసలే నాకు నలుగురిలో నోరు పెగలదు. కొన్ని రోజులైతే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నా గొంతు నేనే వినేదాన్ని కాదు.

ఒకరోజు కుళాయి దగ్గర, గొడుగు ముడిచి కర్రలా పట్టుకున్న ఒకావిడ నా పక్కన ఆగారు.

"లారీ ఆయన భార్యవి నువ్వేనా?"

తలూపాను.

"చదువుకున్నావా?"

"ఐదు."

"ఐదు దాకానా, ఐదు పాసయ్యా?"

"పాసయ్యేనండి" అన్నాను. ఆ సంగతి అంతవరకూ నన్నెవరూ అడగలేదు. పెళ్ళిచూపుల్లో కూడా అడగలేదు. అందుకేనేమో కొంచెం గట్టిగానే అన్నాను.

"అబ్బో, నోరుందే" అని నవ్వి, గొడుగుతో ఊరి చివర పెంకుటిల్లు చూపించి, "సాయంత్రం టీకి రా" అని వెళ్ళిపోయారు.

ఆవిడ ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో సోషల్ చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. అందరూ రిటైరైతే కిందికి దిగి ఇల్లు కట్టుకుంటారు, మీరెందుకు దిగలేదని అడిగితే, "కిందంతా నాకు చెప్పేవాళ్ళే. ఇక్కడైతే నేను చెబితే వినేవాళ్ళున్నారు" అనేవారు. బెల్లం వేసిన నల్ల టీ గ్లాసు నిండా పోసి ఇచ్చేవారు. తాగడం అయ్యేదాకా ఏమీ మాట్లాడేవారు కాదు. మాట్లాడని మనిషి పక్కన మాట్లాడకుండా కూర్చోవడం ఎంత సుఖమో నాకు ఆ ఇంట్లోనే తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నాలు అంగన్‌వాడీ వసారాలో ఆడవాళ్ళకు చదువు చెప్పేవారు. సంతకం వచ్చాక చాలామంది ఇక చాలనుకున్నారు కాని ఆవిడ చాలనుకోలేదు. పాత సోషల్ పుస్తకాలు తెచ్చి, నాలుగేసి వాక్యాలు నా చేత పైకి చదివించి, వాటిని విడదీసి చెప్పేవారు. నేను చదువుతుంటే మధ్యమధ్య "వినపడలేదు" అనేవారు. మళ్ళీ చదివితే మళ్ళీ "వినపడలేదు." నిజానికి ఆవిడ చెవులు పాము చెవులు. వంటింట్లో ఎలుక కదిలినా వసారాలోంచి అదిలించేవారు. ఆ సంగతి తెలిసి కూడా నేను గొంతు పెంచి చదివేదాన్ని.

ఇంకో అలవాటు ఉండేది. ఎవరైనా "గవర్నమెంటు కుళాయిచ్చింది", "గవర్నమెంటు బియ్యమిచ్చింది" అంటే చాలు, అక్కడే ఆపేసేవారు. "ఇచ్చింది అనకు. చేసింది అను. ఇవ్వడం వేరు, తన పని తను చెయ్యడం వేరు." సంతలో బేరం ఆడేటప్పుడు కూడా వదిలేవారు కాదు. ఒకసారి సోంబారప్ప విసిగిపోయి, "నీకేటి నొప్పమ్మా, ఇచ్చిందంటే?" అంది. "నాకే నొప్పి. నీకు నొప్పి పుట్టేదాకా నాకే నొప్పి" అన్నారు.

సూత్రాల సంగతి కూడా ఆ వసారాలోనే జరిగింది.

ఒక శనివారం ఆవిడ సోంబారప్పతో, "రేపు ఆదేశిక సూత్రాలు చెబుతాను, అందరినీ రమ్మను" అన్నారు. సోంబారప్పకు అందులో సూత్రాలన్న మాట ఒక్కటే తెలిసింది. మర్నాడు వసారా నిండిపోయింది. ఎప్పుడూ రాని ముసలమ్మలు కూడా తలకు నూనె రాసుకుని వచ్చి కూర్చున్నారు. నేను పుస్తకం పట్టుకుని లోపలికి రాగానే అందరూ నా మెడ వైపు చూశారు. వాళ్ళలో పుస్తెలు కట్టుకునే ఆచారం లేదు. వాళ్ళ మెడల్లో పూసల దండలు, వెండి కంటెలు ఉంటాయి. సూత్రాలంటే నా మెళ్ళో వేలాడేవే వాళ్ళకు తెలుసు. ఒక ముసలమ్మ లేచి వచ్చి, నా సూత్రాలు అరచేతిలో వేసుకుని బరువు చూసింది.

"ఇయ్యేనా? సిన్నవే" అంది.

టీచరమ్మగారికి ఇంకా ఏమీ తెలీదు. "ఊఁ, చదువు" అన్నారు. నేను పుస్తకం తెరిచేలోగా సోంబారప్ప అడ్డుపడింది.

"సదువు తరవాతమ్మా. ముందు సూత్రాలు పంచీయండి. సేలో పనుంది, బేగి ఎల్లాల."

"ఏం సూత్రాలే?"

"ప్రెభుత్వం ఇత్తన్నాదన్నావు కదా. బంగారమా, రోల్డుగోల్డా?"

ఆవిడ నవ్వడం మొదలుపెట్టి, నిలబడలేక గట్టు మీద కూర్చుండిపోయి, కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఎవరూ నవ్వలేదు. పని మానుకుని వచ్చినవాళ్ళు అందరూ. అది చూసి ఆవిడ నవ్వు ఆపుకున్నారు. మీరు తప్పుగా విన్నారని అనలేదు.

"ఉన్నాయి, సూత్రాలున్నాయి. అయితే మీ మెళ్ళో వేసుకునేవి కావు. ప్రభుత్వం మెళ్ళో కట్టినవి" అన్నారు.

"ఎవులు కట్టినారు?"

"మనమే. తెల్లవాళ్ళు పోయాక, దేశాన్ని ఎలా నడుపుకోవాలని పెద్దలంతా కూర్చుని, మనందరి పేరు మీద రాజ్యాంగం రాశారు. అందులో కట్టారు."

"అయితే ప్రెభుత్వం ఆడదేటి?" అంది వెనక నుంచి ఎవరో. అప్పుడు వసారా అంతా నవ్వింది.

"ఆడదే అనుకోండి. కోడలనుకోండి. మనింటికి కాపరానికి వచ్చింది. వచ్చిన రోజే చెప్పాం, ఇదిగో అమ్మా, ఈ ఇంట్లో నువ్వు చెయ్యాల్సిన పనులివీ అని. ఆడదీ మగాడూ ఒకే పని చేస్తే ఒకే కూలి రావాలి. పురిటి మనిషికి సాయం అందాలి. పిల్లలు బడికి వెళ్ళాలి. జనానికి మంచి తిండి, ఒంట్లో సత్తువ ఉండేలా చూడాలి. బలం లేనివాళ్ళను, కొండల్లో ఉండేవాళ్ళను ఎవరూ దోచుకోకుండా కాయాలి."

"ఓలమ్మా, ఇన్ని పనులా! పారిపోద్ది కోడలు" అంది సోంబారప్ప.

"మా కోడలూ అంతే. సెప్పిందానికల్లా ఊఁ అంటాది, సెయ్యదు" అంది సూత్రాలు తూచిన ముసలమ్మ. "సెయ్యకపోతే ఏటి సేత్తారు?"

"కోర్టుకెళ్ళి కేసు పెట్టడానికి లేదు. ఈ సూత్రాల పద్ధతే అది."

"మరేటికవి? తుప్పట్టిన ఇనప సూత్రాలే నయం."

ఆ మాటకు ఆవిడ కోపగించుకోలేదు. నా చేతిలో పుస్తకం తీసుకుని రెండు పాఠాలు పక్కపక్కన పెట్టి చూపించారు. చదవడం రానివాళ్ళకు కూడా వేలు పెట్టి చూపించారు. "ఇది హక్కుల పాఠం. ఇందులో 'ఉంది' అని ఉంటుంది. నీకు ఈ హక్కు ఉంది అని. ఇది సూత్రాల పాఠం. ఇందులో 'చెయ్యాలి' అని ఉంటుంది. ఉంది అన్నదాన్ని లాక్కుంటే కోర్టుకెళ్ళి తెచ్చుకోవచ్చు. చెయ్యాలి అన్నదాన్ని అడిగి అడిగి చేయించుకోవాలి. అడగడం మానేస్తే అది పుస్తకంలోనే ఉండిపోతుంది."

ముసలమ్మ, "అంటే రోజూ పోరాల. అత్తలాగ" అంది.

"అదే, అత్తలాగ" అన్నారు టీచరమ్మగారు.

ఆ వసారాలో సూత్రాలున్న కోడలిని నేనొక్కదాన్నే. అందరూ మళ్ళీ నా వైపు చూశారు. నాకు నవ్వు ఆగలేదు. కొండ మీదికి వచ్చాక నేను పైకి నవ్వడం అదే మొదలు.

ఆ ముసురులోనే సోంబారప్ప చిన్నకూతురు బడికి వెళుతూ గెడ్డలో కొట్టుకుపోయింది. కింద ఒక చెట్టు వేరు చేతికి దొరికి బతికింది. మళ్ళీ బడికి పంపనని తల్లి ఒట్టేసుకుంది. ఇంకొందరు కూడా పిల్లల్ని మాన్పించారు. అప్పుడు టీచరమ్మగారు అందరినీ పిలిచి, "అత్తలాగ అన్నారుగా, పదండి" అన్నారు.

సంత రోజున సరుకు అమ్ముకోవడం అయ్యాక ఆడవాళ్ళంతా మండలాఫీసు మెట్ల దగ్గర నిలబడేవారు. గొడవ లేదు, అరుపుల్లేవు. మా వైపు పిల్లలకు బడి ఎప్పుడు పెడతారు? అదొక్కటే అడిగేవారు. చూస్తామంటే సరేనని వచ్చేసి, పై సంతకు మళ్ళీ వెళ్ళి అదే అడిగేవారు. కొన్నాళ్ళకు ప్యూను వీళ్ళను దూరంనుంచి చూసే, "అత్తగార్లు వచ్చేరండీ!" అని లోపలికి కేకేసేవాడు. నేనూ వెళ్ళేదాన్ని, టీచరమ్మగారి వెనక నిలబడేదాన్ని. మాట్లాడింది ఎప్పుడూ ఆవిడే.

మొత్తానికి రేకుల షెడ్డు వేశారు. చెప్పడానికి ఒక అమ్మాయిని వాలంటీరుగా పెట్టారు. ఆ పిల్లది గెడ్డ అవతలి ఊరు. "బడి ఇటొచ్చింది, పంతులమ్మ అటుండిపోనాది" అని సోంబారప్ప ఎగతాళి చేసింది కాని, మర్నాడు తన కూతురికి జడేసి అందరికంటే ముందు పంపింది ఆమే.

పిల్లల చదువు సంగతి రాజ్యాంగంలో మార్చారని, ఇకనుంచి అది హక్కేనని రేడియోలో చెప్పిన రోజు టీచరమ్మగారు మా ఇంటి దాకా నడిచి వచ్చారు. అప్పటికే ఆయాసం పట్టుకుంది ఆవిడకు. గుమ్మంలో నిలబడి, "'చెయ్యాలి' లోంచి 'ఉంది' లోకి దాటింది" అన్నారు. నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఇంకేం అండీ అయితే, అన్నాను. ఆవిడ గెడ్డ వైపు చూసి, "రాత మారింది. గెడ్డ మారలేదు కదా" అన్నారు. అయినా ఆ రోజు టీలో బెల్లం రెండింతలు వేయించుకున్నారు.

ఆయాసం ఎక్కువై చెల్లెలు రమ్మని పట్టుబడితే, మా ఆయన లారీలోనే పార్వతీపురం బయల్దేరారు. లారీ ఎక్కడానికి నేను భుజం పట్టాను. పిట్టంత బరువు ఉన్నారు.

"ఇంటికి తాళం వెయ్యకు. అప్పుడప్పుడు తలుపు తీసి గాలి ఆడనీ. లేకపోతే పుస్తకాలకు చెద పడుతుంది."

"అలాగేనండి."

"నేనొచ్చేలోగా ఆఫీసరు వస్తే బడి సంగతి అడగండి."

"ఎవరడుగుతారండీ?"

"నోరున్నవాళ్ళు" అన్నారు, రోడ్డు వైపు చూస్తూ. లారీ మలుపు తిరిగేదాకా మళ్ళీ నా వైపు చూడలేదు.

మూట తిరిగొచ్చిన కొన్నాళ్ళకు ఆఫీసరు వచ్చాడు, ఆ రోజు వాన లేదు. నెమ్మదైన మనిషి. అంగన్‌వాడీ వసారాలో కుర్చీ వేస్తే వద్దని గట్టు మీదే కూర్చున్నాడు. "పిల్లలు తక్కువగా ఉన్నారమ్మా. అవతల పెద్ద బడి, మంచి టీచర్లు ఉన్నారు. మీ మంచి కోసమే చెబుతున్నాం" అన్నాడు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సోంబారప్ప మోచేత్తో నన్ను పొడిచింది. "సెప్పు గుంటా. సదువుకున్నదానివి నువ్వే కదేటి."

లేచాను.

"మీరెవరమ్మా? ఎవరి తాలూకు?" అన్నాడాయన.

మా ఆయన పేరు నేను పలకను. మా వైపు ఆడవాళ్ళెవరూ పలకరు. సోంబారప్ప వైపు చూశాను. "లారీ ఆయన తాలూకండి. ఆయన పేరు సెప్పదండి, ఆచారం" అంది సోంబారప్ప. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, "సరే, మీ పేరైనా చెప్పండి" అన్నాడు.

చెప్పాను.

"వినపడలేదు" అన్నాడు.

ఆ మాట ఎవరి మాటో ఆయనకేం తెలుసు. నా కళ్ళు నిండాయి. మళ్ళీ, గట్టిగా చెప్పాను. అదే గొంతుతో, "ముసురు రోజుల్లో మా పిల్లల్ని గెడ్డ ఎవరు దాటిస్తారండీ?" అన్నాను.

"పెద్దవాళ్ళు దాటించాలమ్మా."

"పొద్దున్నే పెద్దవాళ్ళు చేలకు పోతారండి. గెడ్డ పొంగితే పెద్దవాళ్ళే దాటలేరండి."

"ఉన్నది కొద్దిమంది పిల్లలు కదా."

"కొద్దిమందేనండి. కాని ఉన్నారండి."

ఆయన గట్టు మీంచి లేచాడు. గెడ్డ చూస్తానన్నాడు. అందరం వెళ్ళాం. మోకాలి లోతు లేదు. "ఇదేనా?" అన్నాడు. "ఇప్పుడిదేనండి. ముసుర్లో రండి, సూద్దురు" అంది సోంబారప్ప. ఆయన కాసేపు రాళ్ళ వంక, గట్టు మీద ఆరిపోయిన బురద గుర్తుల వంక చూసి, "ఈ ఏడాదికి బడి కదలదు. పై ఏడు మళ్ళీ చూడాలి" అని జీపెక్కాడు.

"పై ఏడు మళ్ళీ పోరదాం" అనుకుంటూ ఆడవాళ్ళు చేలకు వెళ్ళిపోయారు. నేను గబగబా ఊరి చివరికి నడిచాను. ఆయన ఇలా అన్నాడండీ, నేను ఇలా అన్నానండీ, అని లోపల వరసగా పేర్చుకుంటూ నడిచాను. పెంకుటింటి గుమ్మం ఎక్కి, తలుపు మీద చెయ్యి వేశాక గాని గుర్తు రాలేదు. లోపలికి వెళ్ళి, తీయాల్సిన కిటికీలు తీసి, కాసేపు నిలబడి వచ్చేశాను. ఆ రోజు మా ఆయన కూడా ఊళ్ళో లేరు. ఆ మాటలు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకే చెబుతున్నాను.

ఇప్పుడు ముసురు పట్టింది. మొన్న పొద్దున గెడ్డ నిండుగా వచ్చింది. నేను నీళ్ళకు వెళుతుంటే షెడ్డులో పిల్లలు వచ్చి కూర్చుని ఉన్నారు. బడి చెప్పే అమ్మాయి అవతలి గట్టు దాకా వచ్చి ఆగిపోయింది. వానలో నిలబడి, చెయ్యి ఊపుతూ ఏదో అరుస్తోంది. ఇళ్ళకు పొమ్మంటోందో, కూర్చోమంటోందో, నీళ్ళ హోరులో తెలీలేదు. నేను బిందె దింపి షెడ్డు చూరు కింద నిలబడ్డాను. పిల్లలు చాలాసేపు అవతలి గట్టు వైపే చూశారు. తర్వాత ఒక్కొక్కరే పలకలు ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగారు.